వాన పైకి కురిసే పుస్తకం

ప్రయాణ దినం 6214

బొమ్మల గంటకు, అంటే పిల్లలకు నేను బొమ్మల పుస్తకం చదివే గంటకు, ఈ రోజు ఐదుగురూ వచ్చారు. గౌరినాయుడికి జలుబు, తుమ్మినప్పుడల్లా వెనక్కి కొట్టుకుపోతున్నాడు. పుస్తకాన్ని గది నడుమ నాలుగు తాళ్లకు కట్టాను. కట్టకపోతే కథ సగంలో ఉండగానే ఎటో తేలిపోతుంది. పిల్లలు కంచం చుట్టూ చేరినట్టు దాని చుట్టూ చేరి, గోడకున్న కాలి ఉంగరాల్లో ఎవరి దాంట్లో వాళ్లు పాదాలు దూర్చుకున్నారు.

వీళ్లంతా చక్రం ఆగిపోయాక పుట్టినవాళ్లు. మా నౌక చక్రం తిరిగినన్నాళ్లూ మాకు బరువుండేది, కాళ్ల కింద నేల ఉండేది. నాలుగున్నరేళ్ల కిందట ఇరుసు పగిలింది. ఆ ఏడే ఒక పసివాడు ఉయ్యాలలోంచి గాలి గొట్టం దాకా తేలిపోయాడు. బతికాడు కానీ, అప్పటినుంచి పేరు పెట్టే రోజునే బిడ్డకు ఉంగరం కూడా కేటాయిస్తున్నారు. ప్రతి గదిలోనూ, గోడకి ఒకే చోట. ఇంకొకరి ఉంగరంలో కాలు పెట్టకూడదు. మాటలు రాని పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

పుస్తకం నేను కుట్టిందే. పాత వడపోత గుడ్డ, మోటారు మసి. వానలో తిరిగే కప్ప కథ. వాన పేజీ రాగానే నాకు సరిగ్గా ఎదురు ఉంగరంలో ఉండే మేఖల అడిగింది.

"అత్తా, నీళ్లు ఉండలా ఉండాలి కదా. గీతల్లా ఎందుకున్నాయి?"

"అవి పడుతున్నాయమ్మా."

"పడటం అంటే?"

విశ్వవిద్యాలయంలో ఐదేళ్లు భాషాశాస్త్రం చదివినదాన్ని. నాలుగేళ్ల పిల్లకి 'పడటం' అంటే ఏమిటో చెప్పలేకపోయాను.

కథ ముగిసే వేళకి నౌక గొంతు 'పలుకు' ఒక ప్రకటన వినిపించింది. ఇక్కడ డబ్బా తెరిస్తే అందులో ఏముందో పలుకే చెబుతుంది. తలుపు దగ్గరికెళితే అవతల గాలి ఉందో లేదో పలుకే చెబుతుంది. అలాంటి గొంతు తన గురించి తాను చెప్పుకోవడం ఇదే మొదటిసారి. ఇరుసు బాగైంది. 6264న చక్రం మళ్లీ తిప్పుతారు. చక్రం పూర్తి వేగం అందుకునేదాకా కరెంటంతా మోటార్లకే కావాలి కాబట్టి నలభై రోజులపాటు పలుకు మాట్లాడదు.

ప్రయాణ దినం 6215

భద్రతాధికారి అప్పలసూరిగారు గదికి వచ్చారు. అరవై దాటిన మనిషి. వెంట అక్షరాలు రాసిన నాలుగు రేకులు తెచ్చారు. ఆగు. గాలి లేదు. లోపలికి రా. పక్క తలుపు. పలుకు లేని నలభై రోజులూ తలుపుల మీద ఇవే ఉంటాయట.

"పెద్దోళ్లందరం చక్రం కాడే ఉంటాం సువర్చలమ్మా. పిల్లల ఎనకాల తిరగడానికి మనుసులు నేరు. ఈ నాలుగూ సొంతంగా సదవగలిగినోళ్లే మెలుకువగా ఉంటారు. మిగతావోళ్లని నిద్రలో పెట్టీడమే."

"శీతల నిద్రా? నాలుగేళ్ల పిల్లల్నా?"

"మరేటి సేయమంటారు? గాలి నేని గదిలోకి తలుపు తీసీమంటారా?"

ఆ నాలుగు రాతలూ ఒక గుడ్డ ముక్క మీద ఎక్కించుకున్నాను.

ఆయన వెళ్లిన కాసేపటికి మేఖల తల్లి ఉత్పల వచ్చింది. నౌక బయటి గోడకు గొట్టాలు అతికే పని ఆమెది. తొమ్మిదేళ్ల వయసులో నౌకెక్కింది. ఇప్పుడు ఇరవై ఆరు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, ఇవాళ ఆడలేదు.

"మా తమ్ముణ్ణి నిద్రలో ఎట్టినారు మేడంగారూ, మీకు గ్యాపకం ఉందా? లేచినాక ఏడాది మాట నేదు. నన్ను సూసి ఎవురో అనుకున్నాడు. నా గుంటని అందులో ఎట్టనివ్వను."

"నేర్పుతాను ఉత్పలా."

"యాభై రోజులేనండీ ఉన్నది."

"నేర్పుతాను" అని మళ్లీ అన్నాను. అనేశాక భయం వేసింది. రెండేళ్లుగా ఈ గంట నడుపుతున్నది నా సరదా కోసమేనని సగం నౌక అనుకుంటోంది. ఒక్కోసారి నేనూ అనుకుంటాను.

ప్రయాణ దినం 6229

పుస్తకానికి కొత్త పేజీలు కుట్టాను. కప్ప ఇప్పుడు తలుపుల దగ్గరికి వెళుతుంది. 'ఆగు కప్పా, ఆగు! అటు గాలి లేదు.' రోజుకి మూడుసార్లు చదువుతున్నాం.

ఈ రోజు జరిగింది రాయకుండా ఉండలేను. నేను నోరు విప్పలేదు. ఊరికే పేజీ తిప్పాను. ఐదు గొంతులూ కలిసి చదివాయి. కంఠస్థం పట్టారేమో అన్న అనుమానంతో పేజీలు వెనకా ముందూ తిప్పాను, ఎక్కడపడితే అక్కడ వేలు పెట్టాను. "గాలి", "తలుపు", "రా". వేలు పడీ పడకముందే చెప్పేస్తున్నారు, అందరికంటే జోరుగా మేఖల. మసి గీతలు చూసి ఒక పిల్ల నోట మాట వస్తోంది. పలుకు చెప్పలేదు, నేను చెప్పలేదు. ఆ మాట ఆ గుడ్డలోంచి లేచి వచ్చింది. వేల ఏళ్లుగా మనుషులు చేస్తున్న పనే. అయినా నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ప్రయాణ దినం 6238

పరీక్ష. అప్పలసూరిగారు ఒక్కొక్కరినే పిలిచి, రేకుని ముఖానికి ఎదురుగా నిటారుగా పట్టుకున్నారు.

నా పక్క ఉంగరంలో ఉండే గౌరినాయుడు నాలుగూ గడగడా చదివేశాడు. వాళ్ల నాన్న గాల్లోనే ఒక పల్టీ కొట్టాడు.

తరవాత మేఖల.

"ఇదేటమ్మా?"

"రేకు."

ఆయన మీసం కదిలింది. "సరే, రేకే. దీని మీదేటుంది?"

"ఎర్ర రంగు."

"అచ్చరాలు సదవమ్మా."

మేఖల చాలాసేపు చూసింది. తరవాత నా వైపు తిరిగి, నేనేదో మోసం చేశానన్నట్టు చూసి, "అత్తా, ఇవి మన అక్షరాలు కావు" అంది.

మిగతా ముగ్గురూ అంతే. ఒకడు ఏడ్చాడు. మూడున్నరేళ్ల లలితాంగి రేకుని నాకి చూసింది.

అప్పలసూరిగారు రేకులు ఒకదాని మీద ఒకటి సర్దుకున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఉత్పల కూతుర్ని చంకన ఇరికించుకుని గోడను ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయింది.

ప్రయాణ దినం 6239

పొద్దున్నించీ ఒకటే ఆలోచన. పిల్లలకు చదువు రాలేదు. నా పెదాలో, నా వేలో, నా ఊపిరో చూసి చెబుతున్నారు. తమకు తెలియకుండానే ఆనవాళ్లు ఇచ్చి, పిల్లలు నేర్చేసుకున్నారని మురిసిపోయే టీచర్ల గురించి నేనే ఒకప్పుడు ఎగతాళిగా వ్యాసం రాశాను.

మధ్యాహ్నం ఉత్పల వచ్చింది. కోపంగానే వచ్చింది. చేతిలో ఒక ఖాళీ నీళ్ల సంచి.

"సదువు రాకపోతే రాకపోయింది, ఇల్లు పాడు సేసీసింది మేడంగారూ! ఇంట్లో గోడలంతా ఇవే. మసితో పురుగులు గీసింది. నెల రోజులై తుడవలేక సస్తన్నాను. మీ బొమ్మల గంటలో నేర్పింది ఇదేనా?"

సంచి అందుకున్నాను. నిజమే, దాని మీది గీతలు పురుగుల్లాగే ఉన్నాయి. కొన్నింటికి కింద తలకట్టు లాంటిది వేలాడుతోంది.

కింద తలకట్టు.

సంచిని నెమ్మదిగా తిప్పాను, పైభాగం కిందికి వచ్చేదాకా.

'అమ్మా లోపలికి రా.'

ఉంగరాలు! రెండేళ్లుగా ఆ పిల్ల నాకు ఎదురుగా, తన ఉంగరంలోంచే పుస్తకం చూసింది. నాకు నిటారుగా ఉన్న ప్రతి అక్షరాన్నీ ఆమె తలకిందులుగా చూసి, తలకిందులుగానే నేర్చుకుంది. ఆ అక్షరాలకి అదే అసలు రూపం అనుకుంది. పక్కలనున్న పిల్లలు పక్కకి ఒరిగిన అక్షరాలు నేర్చుకున్నారు. నాతో ఒకే వైపున్న గౌరినాయుడొక్కడే రేకుని గుర్తుపట్టాడు. ఆమె పుస్తకంలో వాన పైకి కురుస్తోంది. రెండేళ్లుగా పైకే కురుస్తోంది.

అంతకంటే పెద్ద వింత ఇంకొకటి. మా కప్ప కథలో అమ్మ లేదు. ఆ మాట నేను ఎక్కడా రాయలేదు. వేరే మాటల్లోంచి ముక్కలు ఏరుకుని తనే కూర్చుకుంది.

"చూడు ఉత్పలా!" సంచిని సరిగ్గా తిప్పి ఆమె ముందు పెట్టాను. "చూడు, ఏం రాసిందో!"

ఆమె చూసింది. నన్ను చూసింది. మళ్లీ సంచిని చూసింది. ఇందాక పురుగుల్ని ఎలా చూసిందో అలాగే.

అప్పుడు అర్థమైంది నాకు. బడి సరిగా ఎరగని తొమ్మిదేళ్ల పిల్లగా నౌకెక్కింది. ఎక్కిన రోజునుంచి ప్రతి వస్తువూ ఆమెతో మాట్లాడింది. ఇక అక్షరంతో ఆమెకేం పని?

నేనే చదివాను. "అమ్మా, లోపలికి రా."

ఉత్పల పనిచేసేది బయటి గోడ మీద. ఒక్కోసారి పది గంటలు.

"నెల్లాళ్లుగా తుడిసీసినాను" అంది సంచి మీది మసిని వేలితో తడుముతూ. "తడి గుడ్డెట్టి తుడిసీసినాను మేడంగారూ."

ప్రయాణ దినం 6240

అప్పలసూరిగారికి సంచి చూపించి జరిగింది చెప్పాను. ఆయన ముందు నవ్వారు, తరవాత నవ్వు ఆపారు.

"అయితే పిల్ల తలకిందులై సదవొచ్చు కదా అంటారా? సక్రం తిరిగితే బరువొస్తది సువర్చలమ్మా. కాళ్లు నేల మీదే ఉంటాయి. తలుపు కాడ సీర్సాసనం వెయ్యమంటారా?"

"ఇరవై రోజులివ్వండి."

"6260. ఆ తరవాత నన్నడక్కండి."

ఉంగరాలు మార్చి చూశాను. గౌరినాయుడి ఉంగరంలో మేఖల చేత కాలు పెట్టించబోతే ఇద్దరూ గుండెలు పగిలేలా ఏడ్చారు. పుట్టినప్పటినుంచి అది చావుతో సమానమని చెప్పి పెంచాం, ఒక్క పూటలో ఎలా మారుతుంది?

పిల్లల్ని తిప్పలేను. పుస్తకాన్ని తిప్పగలను.

ఉత్పల దగ్గరికి వెళ్లాను. "రేపట్నుంచి పని కాగానే నువ్వూ రావాలి. తాళ్లు విప్పి పుస్తకం తిప్పడానికి ఇంకో మనిషి కావాలి" అన్నాను. ఆమెకు చదువు రాదని ఎవరికైనా చెప్పాలా అన్నది నిన్న రాత్రి తెల్లవార్లూ ఆలోచించాను. చెబితే ఆమెను పనిలోంచి తీసి నిద్రలో పెట్టొచ్చు. చెప్పకపోతే ఏ తలుపు దగ్గర ఏమవుతుందో. చెప్పలేదు. తప్పే కావచ్చు.

ఆమె నా ముఖం చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది.

"తిప్పడమే కదా, తిప్పుతాను" అంది.

ప్రయాణ దినం 6249

మొదటి రెండు రోజులూ నరకం. పుస్తకం సగం చుట్టు తిప్పేసరికి మా పండితుడు గౌరినాయుడు నోరు తెరిచి ఉండిపోయాడు. ఎదుటినుంచి మేఖల విరగబడి నవ్వింది. "నీకు రాదా? ఇంత సులువైంది నీకు రాదా? ఓలమ్మో!" అచ్చం తల్లి గొంతే. మర్నాడు పావు చుట్టు తిప్పితే ఆమెకే రాలేదు. అప్పుడు వాడి వంతు.

మూడో రోజు కప్ప బొమ్మని పట్టుకుని ఊహించారు. నాలుగో రోజు 'గాలి' ఎటుతిప్పినా 'గాలి' అయింది. ఉత్పల పుస్తకం తిప్పుతూ తనలో తను గొణుక్కుంటోంది. నేను విననట్టే ఉన్నాను.

ఈ రోజు ఆమె తాళ్లు ముడి వేయకముందే, పుస్తకం ఇంకా తిరుగుతుండగానే, మేఖల చదవడం మొదలుపెట్టింది.

"ఆగు కప్పా, ఆగు!"

"ఆగవే, నన్ను కట్టనీ" అంది ఉత్పల.

"వద్దు. ఇంకా జోరుగా తిప్పమ్మా!"

ఉత్పల నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె వేలితో ఒక్క తోపు తోసింది. గుడ్డ పుస్తకం గది నడుమ రాట్నంలా తిరిగింది. పిల్లలు చదివారు. ఒకరి తరవాత ఒకరు, తమ వైపు ఏ మాట వస్తే ఆ మాట, వాక్యం చెదరకుండా. నేను ప్రయత్నించాను. రెండు మాటలకే కళ్లు తిరిగాయి. వాళ్లు కళ్లయినా ఆర్పలేదు. వాళ్లకు అక్షరం తలకిందులు కావడమన్నదే లేదు. ఎటునుంచి చూసినా అమ్మ ముఖం అమ్మ ముఖమే అయినట్టు, ఎటునుంచి చూసినా మాట మాటే. ఇలాంటి చదువు ఉంటుందని నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు. నేను నేర్పింది కూడా కాదు. నా పొరపాటులోంచి వాళ్లు తీసుకున్నారు.

ప్రయాణ దినం 6260

పరీక్ష. మేఖలనే ముందు పిలిచారు.

రేకు నిటారుగా పట్టుకున్నారు. మేఖల దానికి దగ్గరగా ముఖం పెట్టింది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. రేకు మీదవి ఎవరో కోణాలు కోణాలుగా వేశారు. ఇది నాకు తట్టనే లేదు. ఉత్పల గోడ పట్టీని పట్టుకుంది.

పిల్ల తల ఒకవైపుకి వంచింది. ఇంకోవైపుకి వంచింది.

"పక్క తలుపు" అంది. "ఎవరు రాశారు తాతా? చెయ్యి బాలేదు."

"నానే రాసినానమ్మా" అన్నారు అప్పలసూరిగారు.

మిగతా మూడూ వరసగా చదివేసింది. ఆయనకి నమ్మకం కుదరలేదు. చివరి రేకుని అడ్డంగా పట్టుకున్నారు, తలకిందులు చేశారు. చదివింది. ఆయన రేకుని గాల్లోకి గిర్రున తిప్పి వదిలేశారు. దానితోపాటు ఆయన మెడా తిరిగింది. "గాలి లేదు, గాలి లేదు, గాలి లేదు" అంటూ మేఖల ప్రతి చుట్టుకీ చదివింది. మెడ పట్టుకుని ఆగిపోయింది ఆయనే.

"నా మెడ పోనాది. పిల్ల నెగ్గింది."

ఉత్పల ఏడవలేదు. కూతురి చెవి మెలిపెట్టి, "పెద్దోళ్ల చెయ్యి బాలేదంటారా ఎక్కడైనా?" అంది. తరవాత ముఖం గోడకేసి తిప్పుకుంది.

నలుగురు నెగ్గారు. లలితాంగి నెగ్గలేదు. మూడు రేకులు చదివి నాలుగోదాని దగ్గర ఆవులించి కళ్లు మూసుకుంది. ఎంత బతిమాలినా మళ్లీ తెరవలేదు. నియమం నియమమే. "నలభై రోజులే కదండీ" అని వాళ్లమ్మ నన్ను ఓదార్చింది. ఓదార్చవలసింది నేను.

ప్రయాణ దినం 6264

పలుకు ఆగిపోయింది. ఇంత నిశ్శబ్దం ఎన్నడూ వినలేదు.

ఉదయం లలితాంగిని నిద్ర గదికి తీసుకెళ్లే ముందు మేఖల పుస్తకం అడిగింది. మూత మూసేదాకా కథ చదివి వినిపించింది. ఆఖరి పేజీ పూర్తయ్యేసరికి లలితాంగి నిద్రపోయింది, మందు వల్లనో కథ వల్లనో. బయటికి వస్తుంటే నౌక అంతా ఒకసారి సన్నగా మూలిగింది. చక్రం కదిలింది.

ప్రయాణ దినం 6281

నడవాలో ఉత్పల ఎదురైంది. తలుపు ముందు నిలబడి ఉంది; నిలబడటం మాకు మళ్లీ అలవాటవుతోంది. చేత్తో రేకు తడుముతూ పెదాలు కదుపుతోంది. తరవాత పిడి వదిలేసి పక్క తలుపుకి వెళ్లింది. నేను మలుపు వెనకే ఆగిపోయాను. ఆమె నన్ను చూడలేదు. మూసిన ఆ తలుపు అవతల గాలి లేదు.

ప్రయాణ దినం 6306

పలుకు మొన్న తిరిగి వచ్చింది. డబ్బాలు మాట్లాడుతున్నాయి, తలుపులు మాట్లాడుతున్నాయి. ఇక బొమ్మల గంటకు ఎవరూ రారేమో అనుకుంటూనే గది ఊడ్చాను. బరువు భూమి మీదదాంట్లో మూడో వంతే, అయినా నా మోకాళ్లు ఏడుస్తున్నాయి. పుస్తకానికి తాళ్లు అవసరం లేదు. కింద పెడితే కిందే ఉంటోంది.

లలితాంగి కూడా మొన్ననే లేచింది. మొదటి రోజు ఎవరినీ గుర్తుపట్టలేదు. రెండో రోజు అన్నం అడిగింది. ఈ రోజు వాళ్లమ్మ చంకెక్కి అందరికంటే ముందు గదికి వచ్చింది. తరవాత గౌరినాయుడు, మిగతావాళ్లు. వాళ్లింకా పాకుతున్నారు, గోడలు పట్టుకుని నడుస్తున్నారు, నేలంటే ఏమిటో పాదాలతో నేర్చుకుంటున్నారు.

చివర్న ఉత్పల వచ్చింది, పని బట్టలతోనే. గోడకి ఆనుకుని కాళ్లు చాపి, తరవాత బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పుస్తకం తనే తీసుకుంది. వేలు పెట్టి, ఎవరూ అడగకుండానే, మొదటి మాట దగ్గర ఆగి ఆగి మొదలుపెట్టింది. "ఆ... గు..."

సాయం చేద్దామని పరుగెత్తబోయిన మేఖల తూలింది. తూలి వెనక్కి పడింది. తల్లి కాళ్ల మధ్య పడి, అక్కడే ఉండిపోయింది. లేవలేదు. కదిలి, సర్దుకుని, మళ్లీ కదిలి చూసింది. తన రెండు వైపులా ఉన్న మోకాళ్లని చేతులతో తట్టింది. వీపుకి తగులుతున్న తల్లి కడుపుని వెనక్కి ఆనుకుని చూసింది. పుస్తకం ఆమె ముందే ఉంది. రెండు తలలూ ఒకే వైపున ఉన్నాయి.

"అమ్మా, ఇదేంటి?"

"ఏది?"

"ఇది. నేను ఇప్పుడున్న చోటు."

"ఒడి" అంది ఉత్పల.

మేఖల ఆ మాటని నోట్లో తిప్పుకుంది. తరవాత తల పైకెత్తి, తల్లి గడ్డం కిందినుంచి అడిగింది.

"ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టావు?"

ఉత్పల పేజీ మీది వేలిని పక్క మాటకి జరిపింది.